దళిత క్రైస్తవులూ యోగాసనాలూ: మన 'వద్దు' ఏది?

2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి విజయనగరం జిల్లా భోగాపురం దాకా సముద్రం ఒడ్డు రోడ్డంతా చాపలు పరిచారు. ప్రధానమంత్రి వచ్చారు, ముఖ్యమంత్రి వచ్చారు. మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారని ప్రభుత్వం లెక్క చెప్పింది, గిన్నిస్ రికార్డు అంది. దానికి ముందు రోజు విశాఖలో 20 వేల మందికి పైగా గిరిజన విద్యార్థుల చేత 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు చేయించారు. మే 21 నుంచే 'యోగాంధ్ర' పేరుతో ఊరూరా శిబిరాలు నడిచాయి.

ఆ నెల్లాళ్లూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన పేటల్లో, ఆదివారం కూడిక అయ్యాక చర్చి అరుగు మీద, ఒకే ప్రశ్న తిరిగింది. ఒక తల్లి పాస్టరు గారిని నిలేసి అడగడం మేం విన్నాం. "ఏటి సెయ్యమంటారు అయ్యగారూ? బళ్లో రమ్మని సెప్పీసినారు. ఎల్తే పాపమంటారు మీరు. ఎల్లకపోతే పేరు రాసుకుంటామంటారు ఆలు. మా గుంట ఏటి సెయ్యాల?"

ప్రశ్న చిన్నదే. దాన్ని నవ్వి వదిలేసే అభ్యుదయవాదులు మనలో చాలామంది ఉన్నారు. సైతాను పేరు చెప్పి భయపెట్టే బోధకులూ ఉన్నారు. ఇద్దరూ ఆ తల్లికి జవాబు చెప్పలేదని మా అభిప్రాయం. చెలామణీలో ఉన్న జవాబుల్ని ఒక్కొక్కటిగా విమర్శకు పెట్టి, మాకు తోచింది చెప్పడమే ఈ వ్యాసం పని.

చెలామణీలో ఉన్న జవాబులు

మొదటిది బోధకుడి జవాబు. ప్రతి ఆసనమూ ఒక దేవతకు పెట్టే దండమే, ఊపిరి మీద ధ్యాస పెడితే మనసు ఖాళీ అవుతుంది, ఖాళీ ఇంట్లో దయ్యాలు దూరతాయి అంటారు. ఈ వాదన ఉత్తరాంధ్రలో పుట్టింది కాదు. అమెరికా ఇవాంజెలికల్ పుస్తకాల్లో, ప్రసంగాల్లో ఏళ్లుగా తిరుగుతున్నదే. అక్కడ అలబామా రాష్ట్రం 1993లో బడుల్లో యోగాను నిషేధించి, 2021లో సడలించింది. అప్పుడు కూడా మంత్రాలు చదవకూడదు, 'నమస్తే' అనకూడదు అనే షరతు పెట్టింది. అమెరికాలో తెల్లవాళ్ల చర్చి ఆ దేశంలో పెత్తనం గల చర్చి. దానికి యోగా బయటి నుంచి వచ్చిన వింత సరుకు. మనకి హిందూ ఆచారం బయటిది కాదు. మన వెలివాడను ఊరి చివర పెట్టింది అదే. ఆ తేడా తెలియకుండా వాళ్ల భయాన్ని తెలుగు చేసి మనకి పంచితే, యోగాలో దయ్యం కనపడుతుంది గానీ కులం కనపడదు.

రెండోది చదువుకున్న పట్టణ క్రైస్తవుడి జవాబు. "అది వట్టి వ్యాయామమే కదండీ, మంత్రం మానేసి మన ప్రార్థన పెట్టుకుంటే సరి." దీనికి వెనక పెద్ద సాహిత్యమే ఉంది. బెనెడిక్టన్ సన్యాసి దెషానే 1956లోనే క్రైస్తవ యోగా మీద పుస్తకం రాశాడు. మన దేశపు జెసూటు ఆంథొనీ డిమెల్లో 1978లో 'సాధన' తెచ్చాడు. 1989 అక్టోబరులో రోమ్ నుంచి కార్డినల్ రాట్జింగర్ సంతకంతో ఒక లేఖ వచ్చింది. ఇతర మతాల ధ్యాన పద్ధతుల్ని చూడగానే తోసెయ్యక్కర్లేదు, క్రైస్తవ ప్రార్థన మరుగున పడకుండా పనికొచ్చేది తీసుకోవచ్చు అని దాని సారాంశం. హెచ్చరికలూ అందులో చాలానే ఉన్నాయి.

ఈ జవాబు మర్యాదగా ఉంటుంది. అయితే మాకొక పేచీ ఉంది. బెంగుళూరులో 1967లో మొదలైన కేథలిక్ కేంద్రం దగ్గర నుంచి, కావేరి ఒడ్డున శాంతివనం ఆశ్రమం దాకా, 'భారతీయం కావడం' అంటే వీళ్లకి కాషాయం, హారతి, పద్మాసనం, వేదాంతం. భారతీయం కావడానికి దళితుడి డప్పు ఎందుకు పనికి రాలేదు? పేటలోని పాట ఎందుకు పనికి రాలేదు? అర్వింద్ నిర్మల్ 1981లో బెంగుళూరులో ఇచ్చిన ఉపన్యాసం దళిత క్రైస్తవ చింతనకు దారి తీసింది. ఆయన చేసిన విమర్శ ఇదే: భారతీయ క్రైస్తవ వేదాంతమంతా బ్రాహ్మణ సంప్రదాయంతో మాట్లాడుతూ కూచుంది, చర్చిలో ఎక్కువమందైన దళితులతో మాట్లాడలేదు. మనం ఏ బ్రాహ్మణీయం నుంచి బయటకొచ్చామో, చర్చి తలుపు తెరిస్తే అదే ఎదురుగా పద్మాసనం వేసుకుని కూచుంటే ఏం చెయ్యాలి?

మూడోది అభ్యుదయవాది జవాబు. "శ్రమ చేసే ఒంటికి యోగా ఎందుకు? తిని కూచునే వాళ్లకే అది." వినడానికి బావుంటుంది. మేం కూడా మీటింగుల్లో అన్నాం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడమనిషిని అడిగితే వేరే మాట చెప్పింది. "పొద్దుగాల కూకుంటే సందేళ దాకా లెగం బాబూ. నడుం పట్టేస్తది. ఏదో ఒకటి సేస్తే తగ్గుద్దంటే సెయ్యనా?" శ్రమ వేరు, వ్యాయామం వేరు. వరి ఊడుపులూ, మట్టి పనీ, మురుగు కాలవ పనీ ఒంటిని బాగుచెయ్యవు, అరగదీస్తాయి. అరిగిన ఒంటికి ఉపశమనం అక్కర్లేదనడం శ్రమను పొగుడుతున్నట్టు కనిపిస్తూ శ్రమజీవిని మోసం చెయ్యడమే.

నాలుగోది సర్కారు జవాబు. "యోగా మతం కాదు, అందరిదీ." 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో తీర్మానం చేయించినప్పటి నుంచీ ఇదే మాట. అందరిదే అయితే, 2015లో మొదటి యోగా దినానికి ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పాక సూర్యనమస్కారాల్ని కార్యక్రమం నుంచి ఎందుకు తీసేశారు? అందులో మతం ఉందని ఒప్పుకున్నట్టే కదా. తీసేసిన పదేళ్లకి, అభ్యంతరం చెప్పే బలం లేని గిరిజన హాస్టలు పిల్లల చేత 108 సార్లు ఎందుకు చేయించారు? అటు అమెరికాలో 2010 ప్రాంతంలో హిందూ సంస్థలు యోగా హిందువులదేనని, దాని మూలం మరిచిపోవద్దని ప్రచారోద్యమం నడిపాయి. కాదనేవాడు ఎదురుపడితే 'మతం కాదు', మెచ్చుకునేవాడు దొరికితే 'మా మతమే'. రెండు నాలుకలూ ఒకే నోట్లో ఉన్నాయి.

యోగా ఎవరిది?

మతమా కాదా అన్న తగాదాలో మునిగి, కులం ప్రశ్న అడగడం అందరూ మరిచారు. ఉత్తర రామాయణంలో శంబూకుడు ఏం చేస్తున్నాడు? తలకిందులుగా వేలాడి తపస్సు చేస్తున్నాడు. శూద్రుడు ఆ పని చెయ్యడమే నేరమని రాముడు అతని తల నరికాడు. ఆనాడు మనవాడు తల కిందికి పెడితే తల పోయింది. ఇవాళ పెట్టకపోతే హాజరు పోతుందంటున్నారు. రెండు చోట్లా మన ఒంటి మీద ఆజ్ఞ మనది కాదు.

మన తెలుగు నేల మీదే ఇంకో కథ ఉంది. పోతులూరి వీరబ్రహ్మం చరిత్రలో కక్కయ్య మాదిగ. దూదేకుల సిద్ధయ్యకి బ్రహ్మంగారు దేహంలోని చక్రాల గురించీ, వాటిలో ఉండే దేవతల గురించీ చెబుతుంటే కక్కయ్య చాటుగా విన్నాడంటారు. నిజమో కాదో చూద్దామని ఇంటికెళ్లి నిద్రపోతున్న భార్య ఒంటిని కోసి వెతికాడంటారు. ఈ కథను అందరూ కక్కయ్య అమాయకత్వంగా చెప్పుకుని నవ్వుతారు. మేం అడిగేది వేరు. విద్య చాటుగా వినాల్సిన గతి కక్కయ్యకి ఎందుకొచ్చింది? ఎదురుగా కూచోబెట్టి చెప్పిన విద్య అయితే ఆ ఆడమనిషికి కత్తి గాటు పడేదా? కథలో ఆమెకు మళ్లీ ప్రాణం వచ్చింది, కక్కయ్య శిష్యుడయ్యాడు. కథ బయట మాత్రం ఏ మాదిగవాడలోనూ గురువు వచ్చి బడి పెట్టలేదు.

అలాగని యోగా మొత్తం బ్రాహ్మణుల సొత్తని రాసిచ్చెయ్యడానికి మేం సిద్ధంగా లేం. నాథయోగులు, సిద్ధులు, అచల గురువులు, నల్లగొండ వైపు మాదిగ యోగి దున్న ఇద్దాసు వీళ్లంతా ఎవరు? ఊపిరి మీద ధ్యాస పెట్టడం బౌద్ధంలో ముఖ్యమైన సాధన. మన ఇలాకాలోనే శాలిహుండం ఉంది, రామతీర్థం ఉంది. 2025 జూన్ 21న చాపలు పరిచిన బీచ్ రోడ్డుకి పైన తొట్లకొండ ఉంది, ఆ దాపునే బావికొండ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండల మీద భిక్షువులు ధ్యానంలో కూచున్నారు. సముద్రపు గాలి పీలుస్తూ కూచోవడం ఈ తీరానికి సర్కారు నేర్పాల్సిన విద్య కాదు.

ఇవాళ బళ్లో నేర్పే వరస ఆసనాలకైతే అంత పాత చరిత్ర కూడా లేదు. మార్క్ సింగిల్టన్ లాంటి పరిశోధకులు చూపించింది ఏమంటే, ఈ రూపం చాలా వరకూ 20వ శతాబ్దం మొదట్లో యూరపు జిమ్నాస్టిక్సూ, మన మల్లవిద్యా, మైసూరు ప్యాలెస్ వ్యాయామశాలా కలిసి తయారు చేసినది. సూర్యనమస్కారాన్ని కసరత్తుగా ప్రచారం చేసిన వాళ్లలో ముఖ్యుడు ఔంధ్ సంస్థానం రాజు, 1920లలో. ఆసనాల్ని శరీర విద్యలో కలపడంలో క్రైస్తవ సంస్థ వైఎంసీఏ చెయ్యి కూడా ఉంది. మన వైపు చూస్తే, వీరఘట్టాంలో పుట్టి విజయనగరంలో పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు ఊపిరి బిగబట్టి గొలుసులు తెంపేవాడు. ప్రాణాయామం చేసేవాడు. దాన్ని సర్కస్ గుడారంలో జనం టిక్కెట్టు కొని చూశారు. కాబట్టి ఆసనం వెయ్యగానే దేవత ఒంట్లోకి వచ్చేస్తుందన్న బోధకుడి మాటా, ఐదు వేల ఏళ్ల నాటి సనాతన విద్య అన్న సర్కారు మాటా, ఒకే అబద్ధానికి రెండు వైపులు.

తాతల 'వద్దు'

అంతమాత్రాన మన పెద్దలు 'వద్దు' అన్న మాటను మూఢనమ్మకంగా కొట్టెయ్యకూడదు. విశాఖలో లండన్ మిషన్ 1805లో అడుగుపెట్టింది. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో కెనడా బాప్టిస్టులు భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం లాంటి చోట్ల స్థిరపడ్డారు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలకి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. ఇవి వట్టి భక్తి నియమాల్లా కనిపిస్తాయి. ఊళ్లో అవి తగిలిన చోటు వేరు. ఆదివారం పనికి రానంటే కామందుకి కోపం. అమ్మవారి పండక్కి డప్పు కొట్టనంటే ఊరికి కోపం. చచ్చిన గొడ్డు ముట్టనంటే వెట్టి ఆగిపోయింది. 'మా దేవుడు వద్దన్నాడు' అన్న ఒక్క ముక్కతో, అంతకు ముందు నోరెత్తలేని మనిషి ఊరి పెద్దకి ఎదురు చెప్పగలిగాడు.

ప్రసాదం సంగతి కూడా అంతే. అగ్రకుల క్రైస్తవుడికి ప్రసాదం తినడం మానడం మత విషయం. మాల మాదిగలకి, రెల్లి, పైడి వాళ్లకి, ప్రసాదం అంటే దూరం నుంచి దోసిట్లోకి విసిరింది. దాన్ని వద్దనడం విసిరే చేతిని కాదనడం. మా నాయనమ్మల తరం నోట 'వద్దు' అన్న మాటలో ఈ బరువు ఉంది. ఆ బరువు తెలియకుండా నేటి హేతువాది 'యోగా చేస్తే పోయేదేముంది' అంటే, పేటలో పెద్దవాళ్ల మొహం మాడిపోవడం సహజం.

అయితే నేటి బోధకుడి 'వద్దు'లో ఆ పాత సరుకు ఎంత మిగిలింది? యోగా వద్దని గంటసేపు ప్రసంగం చేసే అయ్యగారు, మాలపేట సంఘం పిల్లనీ రెల్లివీధి సంఘం కుర్రాడినీ కలిపి పెళ్లి చెయ్యమంటే గొంతు సవరించుకుంటారు. తాతల 'వద్దు' కామందు మీద పడింది. మనవల 'వద్దు' హాస్టల్లో చదివే పన్నెండేళ్ల పిల్ల మీద పడుతోంది. బరువు మోసేవాళ్లు మారారు, దానితో 'వద్దు' అర్థమూ మారింది.

ఇక్కడ అయ్యగార్లకి వాళ్ల గ్రంథం నుంచే ఒక మాట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు చూడండి. విగ్రహాలకి అర్పించిన మాంసం తినొచ్చా అన్న తగాదాకి పౌలు ఒక్క ముక్కలో జవాబివ్వలేదు. విగ్రహం వట్టిదే అన్నాడు. అంగట్లో అమ్మేది అడక్కుండా తినమన్నాడు. ఇది అర్పించిందని ఎదుటివాడు చెబితే మాత్రం, అతని మనస్సాక్షి కోసం మానమన్నాడు. ఈ తూకం యోగాకి సరిగ్గా సరిపోతుంది. నీ ఇంట్లో నీ నడుం నొప్పికి నువ్వు ఒళ్లు వంచితే అది అంగట్లో మాంసం. అరసవల్లి సూర్యదేవుడి పేరు చెప్పి, రథసప్తమి పేరు చెప్పి, మంత్రంతో సూర్యుడికి దండం పెట్టమంటే అది అర్పించిందని నోటితో చెప్పినట్టే. ఒకటి చెయ్యొచ్చు, రెండోదాన్ని కాదనొచ్చు. ఈ తేడా ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

కాదనడానికి కట్టే ధర

ఇక అసలు విషయం. కాదనే హక్కు కాగితం మీద ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధ ఉండకూడదు. గుర్తింపు పొందిన బడిలోనైనా, ఎయిడెడ్ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మత బోధకీ, ఆరాధనకీ కూచోబెట్టకూడదు. కేరళలో జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ చిన్నప్పరెడ్డి. బడుల్లో యోగాను తప్పనిసరి చెయ్యమని వేసిన పిటిషన్లని సుప్రీంకోర్టు 2017లో ఒప్పుకోలేదు.

మరి మన పిల్ల ఎందుకు కాదనలేదు? మాకు తెలిసిన ఒక హాస్టల్లో, పేరు అనవసరం, తొమ్మిదో తరగతి పిల్ల ఓంకారం దగ్గర పెదవులు కదిపింది, గొంతు కలపలేదు. అలా ఎందుకు చేశావని అడిగితే ఆమె చెప్పింది: "మేం క్రిస్టియన్లమని సెప్తే మా సర్టిఫికెట్టు పోద్దంట. ఇంట్లో సెప్పొద్దన్నారు."

ఈ ఒక్క వాక్యం ముందు పైన చెప్పిన నాలుగు జవాబులూ ఎందుకూ పనికిరావు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ వదిలేశారు. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై, హిందూ చర్మకారులకి ఇచ్చిన బంకు తనకీ ఇమ్మని సుప్రీంకోర్టుకెళ్తే 1985లో ఓడిపోయాడు. చెప్పులు కుట్టే పని మతం మారినా మారలేదు, బంకు మాత్రం రాలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మత నిబంధన తీసెయ్యమంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న వ్యక్తికి కుల సర్టిఫికెట్ రద్దు కాకుండా ఉన్నా అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకి దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం.

కాబట్టి మనస్సాక్షి హక్కు వాడుకోవాలంటే ఆ పిల్ల 'నేను క్రైస్తవురాలిని' అని నోరు విప్పాలి. విప్పితే హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం ప్రమాదంలో పడతాయి. సిరియన్ క్రైస్తవుడి కొడుకూ, అమెరికా తెల్ల క్రైస్తవుడూ కాదన్నందుకు ఈ ధర కట్టరు. కేరళ పిల్లలు గెలిచిన హక్కు మన పిల్లకి ఎందుకు అందలేదో ఇక్కడ అర్థమవుతుంది. 25వ అధికరణం ఇచ్చిన దాన్ని మూడో పేరా లాగేసుకుంటోంది. గిరిజనుల హోదాకి మతంతో ముడి లేదు, అందుకని సవర, జాతాపు పిల్లలు నోరు విప్పగలరు అనుకుంటే, వాళ్ల మీద 'డీలిస్టింగ్' ఉద్యమం కత్తి వేలాడుతూనే ఉంది.

కులం మాత్రం ఎవరి మతమూ అడగదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూముల తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపారు. చంపడానికి వచ్చినవాళ్లు బాప్తిస్మం రిజిస్టరు తిరగేసి రాలేదు.

మేం ఏమంటాం

క్రైస్తవులు యోగా చెయ్యొచ్చా అంటే, ఒంటికి మేలనిపిస్తే చెయ్యండి. అది పాపం కాదు. అంబేడ్కర్ 'బుద్ధుడూ ఆయన ధమ్మమూ'లో చూపించిన సిద్ధార్థుడు యోగ మార్గాన్ని నేర్చుకున్నాడు, పరీక్షించాడు, లోక దుఃఖానికి అది జవాబు కాదని తేల్చుకుని ముందుకు నడిచాడు. మనకి ఆ పద్ధతి చాలు. మొక్కక్కర్లేదు, వణకక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడైన మనిషికి కావలసింది మంచి నీళ్లూ డయాలిసిస్ మంచమూ. ప్రాణాయామం వాటికి బదులు కాదని సర్కారుకి గుర్తు చెయ్యడం మన బాధ్యత.

బలవంతం మాత్రం ఒప్పుకోవద్దు. హాజరు పేరుతోనో, హాస్టలు పేరుతోనో, రికార్డు పేరుతోనో మన పిల్లల ఒళ్లని లెక్కకి వాడుకోవడాన్ని ఒప్పుకోవద్దు. సూర్యనమస్కారం, ఓంకారం చెయ్యనన్న పిల్లని మతం అడక్కుండానే పక్కన కూచోనివ్వాలి. కారణం చెప్పనక్కర్లేని 'వద్దు' కావాలి. ఉపాధ్యాయులుగా ఉన్న మన మిత్రులు, క్రైస్తవులైనా కాకపోయినా, ఈ పని రేపటి నుంచే చెయ్యగలరు. దానికి జీవో అక్కర్లేదు. ఒక టీచరు "ఇష్టమున్నవాళ్లే చెయ్యండి" అని తరగతిలో పైకి అంటే చాలు, ఒక పిల్ల దొంగతనంగా పెదవులు కదిపే బాధ తప్పుతుంది.

బోధకులతో మా మాట ఇది. యోగా మీద చేసే ప్రసంగంలో సగం వేళైనా మూడో పేరా మీద చెయ్యండి. ఆసనం వేస్తే పోయేదానికన్నా, సర్టిఫికెట్ పోతుందన్న భయంతో నోరు మూసుకున్నప్పుడు మీ విశ్వాసుల దగ్గర పోయేదే ఎక్కువ. కార్యకర్తలతో మాట: పేటలో 'వద్దు' వినపడ్డప్పుడు నవ్వకండి. అందులో మన తాతలు కామందుకి చెప్పిన 'వద్దు' ఎంతుందో, కరపత్రం నేర్పిన 'వద్దు' ఎంతుందో ఆ మనుషులతో కూచుని విడదీయండి.

చర్చి అరుగు మీద నిలబడ్డ ఆ తల్లికి మేం ఆలస్యంగానైనా చెప్పదలచింది ఇదీ: అమ్మా, మీ పిల్ల ఒళ్లు వంచితే దేవుడికి కోపం రాదు. వంచనని చెబితే తప్పూ కాదు. చెయ్యాలో మానాలో భయపడకుండా తనే చెప్పే రోజు కావాలి. ఆ రోజుకి అడ్డం ఉన్నది ఆసనం కాదు, 1950 నాటి ఆ కాగితం. దాన్ని మార్పించే పనికి మీరూ రావాలి, మేమూ వస్తాం.